కొత్త సైన్స్ బ్లాక్ సైట్ టూర్: గోడలకి సిమెంటు పూత పడకముందే చూద్దాం రండి (తరచుగా అడిగే ప్రశ్నలు)

క్యాంపస్ వెనకాల కొండ వైపు లేస్తున్న మన కొత్త బ్లాక్ చూడ్డానికి ఇప్పటికి మూడు బ్యాచులు పోయొచ్చినాం. పోయొచ్చిన ప్రతిసారీ అవే ప్రశ్నలు, ఫోన్లో, క్యాంటీన్లో, కారిడార్లో ఆపి మరీ అడుగుతున్నారు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. నేను సివిల్ ఇంజనీర్ని కాదు, కెమిస్ట్రీ చెప్పేదాన్ని. ఇంజనీరింగ్ సెక్షన్ వాళ్ళకీ మన డిపార్ట్‌మెంట్లకీ మధ్య తిరిగే పని నాకు అప్పజెప్పినారు కాబట్టి సైట్ ఇంజనీరుని, మేస్త్రీలని అడిగి అడిగి తెలుసుకున్నవి, నేను కళ్ళారా చూసినవి ఇక్కడ రాస్తున్నా.

అసలు ఈ టూర్ ఎందుకు? అంతా అయిపోయి తాళాలు ఇచ్చినప్పుడు చూస్తే సరిపోదా?

సరిపోదండీ. నేను ఇంతకుముందు పనిచేసిన చోట ఇట్లనే కొత్త ల్యాబ్ కట్టి ఇచ్చినారు, ఓపెనింగ్ రోజు అందరం ఫొటోలు దిగినాం, టైల్స్ అద్దంలా ఉన్నాయని మురిసిపోయినాం. సింకుల కింద వేసింది మామూలు ఇనుప పైపు అని రెండో సెమిస్టర్లో గానీ తెలీలేదు. పిల్లలు పారబోసే ఆసిడ్ ఎన్ని నీళ్ళు కలిపి వదిలినా ఇనుము ఎన్నాళ్ళు తట్టుకుంటుంది చెప్పండి, వంపు తిరిగే చోట తినేసింది, కింద రూము సీలింగ్ మీద పసుపు మరక, మరక నుంచి చుక్కలు, చుక్కల కింద బకెట్. ఆసిడ్‌కి ఆగే పాలీప్రొపిలీన్ పైపు వేయండి అని గోడలు లేచేటప్పుడు ఒక్క మాట చెప్పుంటే అయిపోయేది. మేం పోయి చూడలేదు, వాళ్ళకి మా ల్యాబ్‌లో ఏం పారబోస్తామో తెలీదు. ఆ పైపు మార్చడానికి ఆ మెరిసే టైల్సే పగలగొట్టి నెల రోజులు ప్రాక్టికల్స్ ఆపినారు, ఆ సంవత్సరం పిల్లలు టైట్రేషన్ సరిగ్గా నేర్చుకోకుండానే పరీక్షకి పోయినారు. అది నాకు ఇప్పటికీ బాధే.

ఇప్పుడు మన బ్లాక్‌లో కింద మూడు అంతస్తులకి ఇటుక గోడలు లేచినాయి, కరెంటు పైపులు గోడల్లో పెడుతున్నారు, పూత ఇంకా పడలేదు. ఈ దశలో స్విచ్ బోర్డు జరపాలంటే గోడ మీద సుద్దముక్కతో ఇంకో గీత గీస్తే చాలు. పూత పడి రంగు కూడా కొట్టినాక అదే పనికి గోడ కోయాలి, మళ్ళీ పూయాలి, మళ్ళీ రంగు, దానికి ఫైలు, ఫైలుకి సంతకాలు. అందుకే ఇప్పుడే రండి అని ఇంతగా అడుగుతున్నా.

ఎవరెవరు రావచ్చు? ప్రొఫెసర్లకేనా?

అందరూ రావాలి. ల్యాబ్ టెక్నీషియన్లు, అటెండర్లు, ఆఫీసు వాళ్ళు, ఊడ్చి తుడిచే అక్కావాళ్ళు, రీసెర్చ్ స్కాలర్లు. రెండో బ్యాచ్‌లో మేమందరం ప్రొజెక్టర్ యాడ పెట్టాల, బోర్డు యాడ పెట్టాల అని మాట్లాడుకుంటుంటే మా ఫ్లోర్ తుడిచే అక్క కారిడార్ ఆ చివర నుంచి ఈ చివరిదాకా నడిచొచ్చి ఒకే మాట అడిగింది, "మేడమ్, బకెట్‌కి నీళ్ళు యాడ పట్టుకునేది? చీపుర్లు, మాపులు యాడ పెట్టుకునేది?" అని. ప్లాన్ తీసి చూస్తే నిజంగానే లేదు. టాయిలెట్లలో వాష్ బేసిన్లే ఉన్నాయి, బకెట్ పట్టే ఎత్తులో ఒక్క కొళాయి లేదు, సామాన్లు పెట్టే చిన్న రూము అసలే లేదు. సైట్ ఇంజనీరు అప్పటికప్పుడు మెట్ల కింద ఖాళీ చూపించి అక్కడ కొళాయి, చిన్న తొట్టి, తలుపు అని రాసుకున్నాడు, మిగతా అంతస్తులకి పైపులు పోయే డక్ట్ పక్కన ఇస్తామన్నాడు. బిల్డింగుని రోజూ చేత్తో ముట్టేది వాళ్ళే కదా, వాళ్ళు రాకుండా ఈ టూర్‌కి అర్థం లేదు.

ఒక బ్యాచ్‌లో పది మందికి మించి వద్దు, అంతకంటే ఎక్కువైతే వెనక ఉన్నవాళ్ళకి ఏమీ వినపడదు, ఎవరు ఎటు పోయినారో చూసుకునేదీ కష్టం. చిన్నపిల్లల్ని మాత్రం తీసుకురావద్దు, ఎంత ముచ్చట పడినా సరే.

టైమ్ ఏది మంచిది?

పొద్దున ఏడున్నర. మన తిరుపతి ఎండ సంగతి మీకు చెప్పేదేముంది, మే నెలలో పదకొండు దాటితే పై అంతస్తుల్లో ఇనుము చెయ్యి పెట్టనీదు. ఎనిమిదిన్నర తర్వాత పని జోరందుకుంటుంది, ఇసుక తట్టలు, ఇటుకలు, కమ్మీలు అటూ ఇటూ పోతుంటాయి, మనం అడ్డం. స్లాబు వేసే రోజు అసలు రావద్దు, ఆ రోజు మిక్సర్ లారీలు వరసగా వస్తాయి, మొదలుపెట్టిన కాంక్రీటు మధ్యలో ఆపడానికి ఉండదు, ఎవరికీ మనతో మాట్లాడే తీరిక ఉండదు. చూడాలని ఉంటే పక్క బ్లాక్ మేడ మీద నుంచి చూడండి, నిజంగా చూడదగ్గదే.

ఏం వేసుకుని రావాలి?

బూట్లు. చెప్పులు, శాండల్స్‌తో వస్తే గేటు దగ్గరే ఆపేస్తారు, బతిమాలుకుంటే వదిలేయమని నేనైతే చెప్పను. మొదటి బ్యాచ్‌లో మా కొలీగ్ ఒకరు పల్చటి చెప్పులతో వచ్చినారు, సెంట్రింగ్ నుంచి పీకేసిన చెక్క ఒకటి మేకు పైకి ఉన్నట్టే కింద పడి ఉంది, దాని మీద కాలేసినారు. మేకు చెప్పులోంచి పాదంలోకి దిగింది. సైట్ ఆఫీసులో కడిగి కట్టు కట్టి, హాస్పిటల్‌కి తీసుకుపోయి టీటీ ఇంజక్షన్ వేయించినాం, వారం కుంటినారు. అప్పటినుంచి ఈ రూలు.

హెల్మెట్లు సైట్ ఆఫీసులో ఇస్తారు, గడ్డం కింద పట్టీ బిగించుకోండి, ఊరికే నెత్తిన పెట్టుకుంటే వంగినప్పుడు పడిపోతుంది. ఆడవాళ్ళకి చుడీదార్ మేలు, చున్నీ పిన్ను పెట్టుకోండి, చీర అయితే కొంగు దోపుకోండి, బయటికి పొడుచుకొచ్చిన కమ్మీలకి గుడ్డ ఇట్టే తగులుకుంటుంది. వాటర్ బాటిల్ మర్చిపోవద్దు.

లోపల ఎట్ల నడవాలి? భయం లేదు కదా?

భయం అక్కర్లేదు గానీ పరధ్యానం వద్దు. లిఫ్ట్ కోసం వదిలిన గుంత కింద నుంచి పైదాకా ఖాళీగా ఉంది, అడ్డంగా కమ్మీలు కట్టి ఎర్ర రిబ్బన్ చుట్టినారు, దాని మీదకి ఆనుకుని తొంగి చూడొద్దు. మెట్లకి ఇంకా రెయిలింగ్ లేదు, గోడ వైపే ఎక్కండి, గోడ వైపే దిగండి. నేల మీద ప్లైవుడ్ ముక్క పరిచి కనిపిస్తే తొక్కద్దు, చాలాసార్లు దాని కింద పైపుల కోసం వదిలిన రంధ్రం ఉంటుంది. సామాను పైకి లాగే చోట కింద నిలబడొద్దు. ఫొటో కోసం వెనక్కి వెనక్కి నడవొద్దు, ఇది మరీ మరీ చెప్తున్నా, మూడో బ్యాచ్‌లో ఒకాయన అట్ల పోతుంటే కమ్మీలు కట్టే పిల్లోడు "సార్, యాడికి పోతాండారు!" అని అరిచి చొక్కా పట్టుకుని ఆపినాడు, ఆయన వెనక రెండడుగుల్లో స్లాబు అంచు.

పైన స్లాబుకి ఆసరాగా నిలబెట్టిన జాకీలు, పోట్లు ఇంకా ఎందుకు తీయలేదు? పని ఆగిపోయిందా?

ఆగలేదు. చూసినవాళ్ళందరికీ ఇదే అనుమానం, అంతా ఇనుప కట్టెల అడవిలా ఉంది, ఎవరూ పని చేయట్లేదు అని. కాంక్రీటు తన బరువు తాను మోసే బలం వచ్చేదాకా వాటిని ముట్టకూడదు. ఐఎస్ 456 అని మన దేశపు కాంక్రీటు కోడ్ ఉంది, దాని ప్రకారం మామూలు సిమెంటు, మామూలు వాతావరణం అయితే నాలుగున్నర మీటర్ల లోపు స్లాబుకి పోట్లు కనీసం 7 రోజులు, అంతకంటే పెద్దదైతే 14 రోజులు ఉంచాలి. బీముల కిందైతే ఆరు మీటర్ల లోపు 14 రోజులు, దాటితే 21 రోజులు. మన సెమినార్ హాలు బీములు ఆరు మీటర్లు దాటినాయి, అందుకే అక్కడ మూడు వారాలు కదపరు. పైన ఇంకో స్లాబు వేసేటప్పుడు దాని బరువు కూడా కింది స్లాబు మీదే కదా, అందుకని కొన్ని ఇంకా ఎక్కువ రోజులు ఉంచుతారు. పోట్లని తోసి చూడడం, వాటికి ఆనుకోవడం, బ్యాగు తగిలించడం ఏదీ వద్దు.

స్లాబు మీద మడులు కట్టి నీళ్ళు నిలబెట్టినారు, పిల్లర్లకి గోనెపట్టలు చుట్టినారు, ఎందుకట్ల?

ఈ ప్రశ్న అడిగితే నాకు ప్రాణం లేచొస్తుంది, ఎందుకంటే ఇది అచ్చంగా మా సబ్జెక్టు. కాంక్రీటు ఎండిపోయి గట్టిపడుతుంది అనుకుంటాం చాలామంది, బురద ఎండినట్టు. అట్ల కాదు. సిమెంటులో ఉండే కాల్షియం సిలికేట్లు నీళ్ళతో రసాయన చర్య జరిపి కాల్షియం సిలికేట్ హైడ్రేట్ అనే పదార్థం తయారవుతుంది, ఇసుకని, కంకరని పట్టి ఉంచేది అదే. ఆ చర్య నడవాలంటే లోపల తేమ ఉండాలి, వేడి కూడా పుడుతుంది అందులోంచి. మన దగ్గర ఎండ, వడగాలి కలిసి పైపైన నీళ్ళు లాగేస్తే చర్య సగంలో ఆగిపోతుంది, పైన పొర పొడి పొడిగా రాలుతుంది, సన్న పగుళ్ళు వస్తాయి. అందుకే మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, ఫ్లై యాష్ (బొగ్గు కాల్చిన బూడిద) లాంటివి కలిసిన సిమెంటు అయినా, ఎండగాలి ఎక్కువున్న చోటైనా కనీసం 10 రోజులు తడి ఆరనివ్వకూడదని అదే కోడ్‌లో ఉంది.

స్లాబు అయితే పైన చిన్న గట్లు పోసి వరిమడి లాగా నీళ్ళు నింపేస్తారు. పిల్లరు నిలువుగా ఉంటుంది కాబట్టి నీళ్ళు నిలబడవు, అందుకని గోనెపట్ట చుట్టి పైనుంచి తడుపుతుంటారు. మీరు పోయినప్పుడు ఆ గోనెపట్ట మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లగా తడిగా తగిలితే పని బాగా జరుగుతోందని అర్థం. ఎండి గరగరలాడితే నాకు చెప్పండి, నేను సైట్ ఇంజనీరుకి చెప్తా. ఒక ఆదివారం సాయంత్రం నేను ఊరికే అటు పోయినప్పుడు దక్షిణం వైపు నాలుగు పిల్లర్లు అట్ల ఎండిపోయి ఉన్నాయి, పంపు కాలిపోయిందంట, మేస్త్రీకి ఫోన్ చేస్తే అరగంటలో ట్యాంకర్ తెప్పించినాడు. చెప్తే చేసేవాళ్ళే.

సైట్ ఆఫీసు పక్కన నీళ్ళ తొట్టిలో సిమెంటు దిమ్మెలు ఉన్నాయి, మీద తేదీలు రాసి ఉన్నాయి, అవేంటి?

క్యూబులు. స్లాబుకైనా పిల్లర్లకైనా కాంక్రీటు పోసేటప్పుడు అదే కాంక్రీటు కొంచెం తీసి 15 సెంటీమీటర్ల చదరపు అచ్చుల్లో పోస్తారు, మరుసటి రోజు అచ్చు విప్పి తొట్టిలో వేస్తారు. కొన్నిటిని 7 రోజులకి, కొన్నిటిని 28 రోజులకి మిషన్లో పెట్టి నలిపి చూస్తారు. ఎం25 అని వినుంటారు, దానర్థం ఇదే, 28 రోజులకి చదరపు మిల్లీమీటరుకి 25 న్యూటన్ల ఒత్తిడి తట్టుకోవాలి. లెక్కేసి చూస్తే ఆ చిన్న దిమ్మె మీద సుమారు 57 టన్నుల బరువు. లోడు లారీలు రెండు మూడు కలిపి ఎక్కించినట్టు.

క్యూబు మీద తేదీ, ఏ అంతస్తు, ఏ భాగం అని రాసి ఉంటుంది, రిజిస్టర్‌లో రిజల్టు ఉంటుంది. అడిగితే చూపిస్తారు, మా ఫిజిక్స్ సార్ అడిగి చూసినారు. మిషన్లో క్యూబు పగిలేటప్పుడు చూసే అవకాశం వస్తే వదులుకోవద్దు, నాలుగు పక్కలా సమానంగా చిట్లి మధ్యలో డమరుకం ఆకారం మిగిలితే సరిగ్గా పగిలినట్టు. మన సైట్‌కి ఇంజనీరింగ్ పిల్లల్ని కూడా పంపిస్తే బాగుంటుందని నా ఆశ, క్లాసులో నెల చెప్పేది ఇక్కడ ఒక్క పూటలో కళ్ళకి కడుతుంది.

పిల్లర్ మీద గుల్ల గుల్లగా, కంకర బయటికి కనబడుతుంటే?

కాంక్రీటుని అదిలించి గాలి బయటికి పంపే వైబ్రేటర్ సరిగ్గా తగలక గాలి మిగిలిపోతే అట్ల వస్తుంది, తేనెతుట్టె లాగా. పైపైన అయితే బాగు చేయొచ్చు, లోపలి కమ్మీ కనబడేంత లోతైతే ఇంజనీరు చూసి తేల్చాల్సిందే. ఫొటో తీసి, ఏ అంతస్తు, పిల్లర్ నంబర్ ఎంత అని రాసి నాకు పంపండి. అక్కడికక్కడ మేస్త్రీ మీద అరవద్దు. మీకు తప్పనిపించింది తప్పు కాకపోవచ్చు, నిజంగా తప్పే అయినా దాన్ని సిమెంటు పూసి కప్పేయకుండా ఇంజనీరు కళ్ళకి కనబడనివ్వడం ముఖ్యం.

మా రూములోకి పోయినాక ఏం చూడాలి? ఇటుకలు తప్ప ఏమీ కనబడవు కదా.

అసలు టూర్ అంతా దీనికోసమే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

ముందు రూములో నిలబడి కళ్ళు మూసుకుని మీ రోజు ఎట్ల గడుస్తుందో తలుచుకోండి. తలుపు తీస్తారు, లైటు వేస్తారు, స్విచ్ యాడుంది? తలుపు లోపలికి తెరుచుకున్నప్పుడు దాని వెనక పడిపోతుందా? మొదటి అంతస్తులో మూడు రూముల్లో అట్లనే పెట్టినారు, తలుపు మూస్తే గానీ స్విచ్ దొరకదు, ఇప్పుడు మార్పించినాం. బీరువా యాడ పెడతారు, దాని వెనక ప్లగ్ పాయింట్ పోతుందా? టేబుల్ కింద ఎన్ని పాయింట్లు కావాలి? బోర్డు గోడకి ఎదురుగా కిటికీ ఉంటే పొద్దున వెలుతురు బోర్డు మీద పడి వెనక బెంచీలకి అక్షరాలు కనబడవు, ఆ గోడ మారిస్తే పోతుంది. పడమర వైపు రూములు మధ్యాహ్నం మూడింటికి పొయ్యి మీద పెనం, వాటికి సజ్జ ఎంత బయటికి వచ్చిందో చూడండి. ఖరీదైన ఇన్‌స్ట్రుమెంట్లు అటు వైపు పెట్టుకోవద్దు.

ల్యాబ్ వాళ్ళు ఇంకా జాగ్రత్తగా చూడాలి. ఫ్యూమ్ హుడ్, అంటే ఘాటు పొగల్ని లాగేసే పెట్టె, రూము తలుపు పక్కన వద్దు, మనుషులు వచ్చి పోతుంటే గాలి చెదిరి లోపలి పొగ మొహం మీదకి వస్తుంది, తలుపుకి దూరంగా లోపలి గోడకి పెట్టాలి, దాని గొట్టం మేడ పైదాకా పోవాలి, ఆ గొట్టానికి ప్రతి స్లాబులో రంధ్రం వదిలినారా అని ఇప్పుడే చూసుకోవాలి. స్లాబు పడినాక రంధ్రం కొట్టాలంటే కమ్మీలు తెగుతాయి. కళ్ళు కడుక్కునే కొళాయి, ఎమర్జెన్సీ షవర్ ఎక్కడినుంచైనా పది సెకన్లలో చేరేలా ఉండాలని ల్యాబ్ సేఫ్టీలో పాటించే లెక్క, కళ్ళు మూసుకుని నడిచి చూడండి, మధ్యలో బెంచీ అడ్డం రాకూడదు. షవర్ కింద నేల వాలు ఎటుందో, నీళ్ళు పోయే దారి ఉందో అడగండి. గ్యాస్ సిలిండర్లు బయట గోడకి జాలీ గదిలో. పెద్ద ల్యాబుకి రెండో తలుపు తప్పనిసరిగా ఉండాలి, మంట లేస్తే ఒక్క తలుపు చాలదు. ఫ్రీజర్లు, ఓవెన్లు, ఏసీలు అన్నీ కలిపి ఎంత లోడు వస్తుందో కాగితం మీద రాసి ఇవ్వండి, కరెంటు వాళ్ళు ఆ అంకె లేకుండా వైరు సైజు నిర్ణయించలేరు, అంకె ఇవ్వాల్సింది మనమే.

ఇంగ ర్యాంపు. మెట్లు లేకుండా వీల్‌చెయిర్ పైకి రావాలంటే ఒకటికి పన్నెండు వాలు మించకూడదు. మన ప్లింత్, అంటే బిల్డింగు లోపలి నేల మట్టం, బయటి నేల నుంచి 45 సెంటీమీటర్లు, అంటే ర్యాంపు పొడవు కనీసం 5.4 మీటర్లు రావాలి. మేం టేపు పట్టుకుని కొలిస్తే నాలుగు మీటర్లే వచ్చింది. మా పీజీ స్టూడెంట్ వీల్‌చెయిర్లో వస్తాడు, ఆ రోజు తనూ వచ్చినాడు, ఆ నాలుగు మీటర్ల వాలు చూసి "మేడమ్, ఎక్కేటప్పుడు ఎవరన్నా తొయ్యాల, దిగేటప్పుడు నేనే జారిపోతా" అన్నాడు మామూలుగా, ఫిర్యాదు చేసినట్టు కూడా కాదు. ఇంజనీరు పక్కనే ఉండి విన్నాడు. ర్యాంపుని మధ్యలో మలుపు తిప్పి పొడవు పెంచినారు, గీత మారింది, కాంక్రీటు ఇంకా పోయలేదు. టూర్ వల్ల ఇంతవరకు జరిగిన వాటిలో నాకు అన్నిటికంటే సంతోషం ఇదే.

టాయిలెట్లలో తలుపు వెడల్పు, లోపల తిరగడానికి చోటు, పట్టుకునే కడ్డీలకి గోడ గట్టిగా ఉందా చూడండి. మన క్లాసుల్లో ఆడపిల్లలు ఎక్కువ, ఒక్కో అంతస్తులో వాళ్ళకి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి రాయండి.

వాన వస్తే? కింద పార్కింగులో నీళ్ళు నిలబడతాయా?

2021 నవంబరు ఎవరం మర్చిపోలేదు, రోడ్లు వాగులైనాయి, స్వర్ణముఖి పొంగింది, ఘాట్ రోడ్లు మూసేసినారు. మనకి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతోనే వస్తాయి, పైగా బ్లాక్ కొండ వైపు ఉంది, నీళ్ళు అటునుంచే దిగుతాయి. అందుకే కొండ వైపు కాలవ బిల్డింగుకి తగలకుండా చుట్టూ తిప్పి పోయేలా ఉందా, సెల్లార్‌లోకి దిగే చోట అడ్డంగా చిన్న గట్టు, జాలీ కాలవ ఉన్నాయా చూడండి. జనరేటరు, కరెంటు ప్యానెళ్ళు సెల్లార్‌లో పెట్టొద్దని మా బ్యాచ్ రాసిచ్చింది, ఆలోచిస్తామన్నారు, ఇంకో పది మంది రాస్తే బలం వస్తుంది.

కొండ కనబడుతుందా?

కనబడుతుంది. మూడో అంతస్తు ఉత్తరం కారిడార్ చివర నిలబడితే శేషాచలం మొత్తం ఎదురుగా ఉంటుంది, నేరుగా పడే ఎండ కూడా అటు తక్కువ. అక్కడ స్టోర్ రూము అని ప్లాన్‌లో ఉంది, పిల్లలు కూర్చుని చదువుకునే చోటు చేయమని అడిగినాం.

వాస్తు ప్రకారం తలుపు మార్చమని అడగొచ్చా?

అడగొచ్చు, ఇటుక గోడలో తలుపు జరపడం ఇప్పుడైతే కుదరొచ్చు. పిల్లరు, బీము, మెట్లు, లిఫ్ట్ మాత్రం జరగవు, వాటి గురించి పట్టుబట్టి టూర్ టైమ్ అంతా దానికే పోనివ్వొద్దు.

ఫొటోలు తీయొచ్చా?

తీయాలి. ముఖ్యంగా పూత పడకముందు మీ రూము నాలుగు గోడల ఫొటోలు, కరెంటు పైపులు, నీళ్ళ పైపులు ఎటునుంచి ఎటు పోయినాయో కనబడేలా, పక్కన టేపు సాగదీసి పట్టుకుని తీయండి. రేపు క్యాలెండర్‌కో అరకో డ్రిల్లు వేసేటప్పుడు పైపుకి తగలకుండా ఆ ఫొటోనే కాపాడుతుంది. గోడకి నంబరు పేపరు మీద రాసి అతికించి తీస్తే ఇంకా మంచిది. పనిచేసే వాళ్ళని తీసేముందు అడిగి తీయండి.

పనివాళ్ళతో మాట్లాడొచ్చా?

తప్పకుండా. కమ్మీల పని చేసేవాళ్ళు కొందరు ఒడిశా, బీహార్ నుంచి వచ్చినారు, గోడలు కట్టే బేల్దారి మేస్త్రీలు మన జిల్లా వాళ్ళే, రసమట్టం పెట్టి బుడగ మధ్యకొచ్చేదాకా ఇటుకని తాపీ పిడితో చిన్నగా కొడుతుంటే చూస్తూ నిలబడిపోతాం. పని మధ్యలో వద్దు, టీ టైములో పలకరించండి, పేరు పెట్టి, అన్నా, అక్కా అని. నీళ్ళు పట్టే అక్క ఒకామె నన్ను ఈ రూములో ఏం చెప్తారు అని అడిగింది, చెప్పినా, రంగు నీళ్ళు కలిపే చదువు అని. తన కూతురు ఎనిమిదో తరగతి, సైన్సులో బాగా మార్కులొస్తాయంట. ల్యాబ్ తెరిచినాక తీసుకురా అక్కా అని చెప్పినా, నంబరు కూడా ఇచ్చినా.

చిన్నపిల్లలు ఇసుక కుప్ప దగ్గర ఆడుకుంటుంటారు, అది నా మనసుకి కష్టంగా ఉంది. యాభై మందికి పైగా ఆడకూలీలు పనిచేసే చోట పిల్లలకి గది, చూసుకునే మనిషి ఉండాలని 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టంలోనే రాసినారు. మన సైట్‌లో అంతమంది లేకపోవచ్చు, అయినా క్యాంపస్‌లో ఇన్ని ఖాళీ గదులున్నాయి, ఒకటి తెరిచి ఇవ్వమని నేను లెటర్ పెట్టినా. సంతకం పెట్టేవాళ్ళు నా రూముకి రండి, లెటర్ టేబుల్ మీదే ఉంది.

ఎప్పటికి షిఫ్ట్ అవుతాం?

తేదీ ఇప్పుడే చెప్పలేరు. పైన ఇంకో స్లాబు మిగిలింది, ఆ తర్వాత పూత, నేల, కరెంటు, లిఫ్ట్, అగ్నిమాపక శాఖ వాళ్ళ అనుమతి, అన్నీ వరసగా అయితేనే. తొందరపెట్టి తడి ఆరకుండా రంగు కొట్టిస్తే ఏడాదిలో పెచ్చులు లేస్తుంది, కాబట్టి నేనైతే తొందరపెట్టను.

టూర్ అయిపోయినాక ఏం చేయాలి?

అదే రోజు సాయంత్రంలోపు రాయండి, మర్నాటికి సగం మర్చిపోతాం. రూము నంబరు, ఏ గోడ, ఏం కావాలి, ఎందుకు కావాలి, నాలుగు ముక్కలు చాలు, ఫొటో ఉంటే జత చేయండి. ఎందుకు అనేది తప్పకుండా రాయండి, ప్లగ్ పాయింట్ ఇంకోటి కావాలి అని రాస్తే పక్కన పెడతారు, మైనస్ 80 ఫ్రీజర్‌కి వేరే లైను కావాలి అని రాస్తే వింటారు. అన్నీ కలిపి నేను ఇంజనీరింగ్ సెక్షన్‌కి ఇస్తా, దేనికి ఒప్పుకున్నారు, దేనికి కాదన్నారు, ఎందుకు కాదన్నారు అని మళ్ళీ అందరికీ పంపిస్తా.

నాలుగో బ్యాచ్ ఈ శనివారం పొద్దున ఏడున్నరకి, క్యాంటీన్ ముందు వేపచెట్టు కింద కలుద్దాం. మొదటి అంతస్తు పూత సోమవారం మొదలుపెడుతున్నారు, కాబట్టి బోటనీ, జువాలజీ వాళ్ళు ఈ శనివారం తప్పిపోకండి, మీ గోడలే ముందు మూసుకుంటాయి.